నాలుగో పేజీ

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులకు జవాబులు రాయడం నా ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా అదే పని. కుళాయి రాలేదని, వచ్చినా బురదనీళ్లు వచ్చాయని, వీధి తవ్వి పూడ్చడం మరిచిపోయారని జనం రాస్తుంటారు. వాళ్ల కోపం కాస్త చల్లారేలా, ఆఫీసు మీదికి ఏమీ రాకుండా ఒక పేరా రాసి పంపాలి. అందుకే ఆఫీసులో నాకు పేరా సారు అని పేరు పడింది.

అబద్ధం మాత్రం ఎప్పుడూ రాయలేదు. ఈ మాట ఒకప్పుడు గర్వంగా చెప్పుకునేవాణ్ని. ఒక ఉదాహరణ చెబుతాను. "నాలుగో తేదీన నగరంలో పెద్ద గాలివాన వచ్చింది. నాలుగో తేదీన మీ వీధికి నీటి సరఫరా నిలిచిపోయింది." రెండూ నిజాలే. గాలివాన సాయంత్రం వచ్చింది. నీళ్లు పొద్దున్నే ఆగిపోయాయి. ఆ పొద్దున వాల్వు తిప్పాల్సిన మనిషికి మెలకువ రాలేదు. అవన్నీ నేను రాయను. రెండు నిజాల్ని పక్కపక్కన కూర్చోబెడతానంతే. వాటికి చుట్టరికం చదివేవాళ్లే కలుపుకుంటారు.

ఆ విద్యను మా అమ్మాయి మీద ప్రయోగించాను. ఆ సంగతి రాద్దామని కూర్చున్నాను.

మా అమ్మాయికి ఇరవై అయిదేళ్లు. నాలుగు ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో షిఫ్టు సూపర్‌వైజరు. ఆమె చేరిన కొత్తలో దుప్పట్లు ఒక ఆసుపత్రివి ఇంకో ఆసుపత్రికి పోయేవి, కొన్ని అసలు ఎక్కడికీ చేరేవి కావు. ఆమె ఒక్కో వార్డుకు ఒక్కో రంగు దారం పెట్టి, దుప్పటి మూల నాలుగు కుట్లు వేయించింది. చదువురాని మనిషి కూడా రంగు చూసి సర్దేయవచ్చు. ఏడాది తిరిగేసరికి దుప్పట్లు తప్పిపోవడం ఆగిపోయింది. ఆ దారం ఆలోచన చూసి వాళ్ల మేనేజరు, "నువ్వు బిజినెస్ స్కూల్‌కి దరఖాస్తు పెట్టు, నేను సిఫార్సు రాస్తాను," అన్నారట.

ఆయన చెప్పింది అల్లాటప్పా స్కూలు కాదు. ముప్పై మంది అడిగితే ఒక్కరికి సీటిస్తారు. మా అమ్మాయికి లెక్కలు రావు. పదిహేడో ఏట రాసిన పెద్ద పరీక్షలో లెక్కల్లో నూటికి నలభై మూడు. నిరుడు ఆ స్కూలు వాళ్లు పెట్టిన ప్రవేశ పరీక్షలో మిగతావన్నీ బాగా చేసి, లెక్కల భాగంలో మళ్లీ అడుగున పడింది.

ఈ కబురు విని మా వదిన పగలబడి నవ్వింది. వదిన అంటే నా భార్య అక్క. మా కింది వాటాలోనే ఉంటుంది. బట్టలు సరిచేసే చిన్న దుకాణం ఆవిడది. ఆ దుప్పట్లకు మొదటి కుట్లు వేసి పెట్టింది కూడా ఆవిడే.

"లెక్కలు రాని పిల్ల వ్యాపారం చదువుకా! రేపు నేను కూడా వెళ్లి విమానం నడుపుతానంటాను, ఎక్కుతారా మరిదిగారూ?"

"నువ్వు నడిపితే టికెట్టు కొనకుండా ఎక్కుతాను పెద్దమ్మా," అంది మా అమ్మాయి.

"నోటికేం తక్కువ లేదు. ఆ నోటికి మార్కులు వేస్తే నువ్వే ఫస్టు."

దరఖాస్తులో నాలుగో పేజీలో ఒక గడి ఉంది. మీ మార్కుల్లో దేనికైనా వివరణ ఇవ్వాలనుకుంటే ఇక్కడ ఇవ్వండి అని. మిగతా పేజీలన్నీ నింపేసి, ఆ గడి ముందు మా అమ్మాయి వారం రోజులు తిరిగింది. గడువు ఆఖరి రోజు ఆదివారం, సాయంత్రం ఆరు గంటలు. ఆ మధ్యాహ్నం లాండ్రీలో బాయిలరు ఆగిపోయిందని ఫోను వచ్చింది. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూనే ఒక కాగితం నా చేతిలో పెట్టింది.

"ఇది ఆ గడిలో టైపు చేసి పంపించెయ్ నాన్నా. నేను వచ్చేసరికి టైం అయిపోతుంది."

"అంతేనా? మూడు ముక్కలేనా?"

"అంతే. ఎక్కువ రాస్తే ఏడుస్తున్నట్టుంటుంది."

కాగితం మీద ఇలా ఉంది. "లెక్కల్లో నాకు తక్కువ మార్కులు వచ్చాయి. సరిగ్గా చదవలేదు. ఇప్పుడు చదువుతున్నాను."

కంప్యూటరు వంటింటి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆ మూడు వాక్యాలూ టైపు చేశాను. చదువుకుంటే చిన్నపిల్ల టీచరు ముందు చేతులు కట్టుకుని నిలబడినట్టు అనిపించింది. జాలేసింది. ఇరవై తొమ్మిది మందిని దాటాల్సిన పిల్ల ఇంత నిరాయుధంగా వెళుతుందా? ఊరివాళ్లందరికీ పేరాలు రాసి పెట్టే తండ్రి ఇంట్లో ఉండగా?

చెరిపేసి, ఇలా రాశాను. "ఆ సంవత్సరం మా అమ్మకు ప్రాణాంతకమైన జబ్బు బయటపడింది. ఆ సంవత్సరం నాకు లెక్కల్లో నలభై మూడు మార్కులు వచ్చాయి. ఇంట్లో నేను ఒక్కదాన్నే సంతానం. ఆ రోజుల నుంచి బాధ్యత అంటే ఏమిటో నేర్చుకున్నాను."

పరీక్ష మార్చిలో జరిగింది. జబ్బు బయటపడింది ఆగస్టులో. మరుసటి ఫిబ్రవరిలో నా భార్య పోయింది. ఆమె పోయి ఇప్పటికి ఏడేళ్లు.

మార్చిలో ఆమె ఎలా ఉండేదో నాకు గుర్తులేక రాశానని చెప్పుకోలేను. రాస్తున్నప్పుడు వంటింటి గోడ నా ఎదురుగానే ఉంది. లెక్కల పరీక్షకు ముందు రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తల్లీ కూతుళ్లిద్దరూ వంటింటికి లేత పసుపు రంగు వేస్తున్నారు. ఇద్దరి జుట్టునిండా రంగు మరకలు. పుస్తకాలు హాల్లో మూతపడి ఉన్నాయి. "రేపు పరీక్ష పెట్టుకుని ఇదేం పని?" అని అరిచాను. ఆమె స్టూలు మీద నుంచి దిగకుండానే, "గోడ ఆరేలోపు చదివేస్తుందిలెండి. మీరు ఆ బ్రష్షు ఇటివ్వండి," అంది. బ్రష్షు ఇచ్చాను. పై అంచు వెంట మా అమ్మాయి గీసిన గీత వంకరగా పోయింది, ఇప్పటికీ అలాగే ఉంది. అలమర వెనక అరచేయంత చోటుకు రంగు చాలలేదు.

ఆ గోడ చూస్తూనే మీట నొక్కాను. అయిదూ నలభైకి దరఖాస్తు వెళ్లిపోయింది.

సాయంత్రం మా అమ్మాయి మసి చేతులతో వచ్చింది. "పంపావా?" అంది. "పంపాను," అన్నాను. ఏం పంపానో ఆమె అడగలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ తర్వాత ఆదివారం చెబుదామనుకున్నాను. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిన రోజు, ఇక చెప్పక్కర్లేదేమో అనిపించింది. ఆఫీసులో మీటర్ల విభాగం ఆయన ఒక్కడికే చెప్పాను. ఆయన నా భుజం తట్టి, "అదీ పేరా అంటే! రాళ్లు కూడా కరుగుతాయి," అన్నాడు. ఆ మాటకు నాకు సంతోషం కలిగింది. దాచుకోకుండా చెబుతున్నాను, చాలా సంతోషం కలిగింది.

ఇంటర్వ్యూ రోజు నేను కూడా వెళ్లాను. వద్దు నాన్నా అంటూనే బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చింది. స్కూలు భవనం పెద్దదేమీ కాదు. కానీ లోపల ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. వరండాలో కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. తండ్రితో వచ్చినవాళ్లు మేం తప్ప ఎవరూ లేరు. అది గమనించినట్టుంది, కౌంటరు దగ్గర కూర్చున్నావిడ నన్ను పిలిచి, "ఆ మూల కుర్చీకి ఫ్యాను గాలి బాగా వస్తుందండీ," అని చెప్పింది. నేను రావడం చాలా మామూలు విషయం అన్నట్టు.

తర్వాత ఆవిడ మా అమ్మాయికి ఒక ఫైలు ఇచ్చింది.

"మీ దరఖాస్తు ప్రింటు తీశాం. అన్నీ మీరు రాసినవేనని ఒకసారి చూసుకుని, ప్రతి పేజీ కిందా సంతకం చేయండి. పిలిచినప్పుడు ఈ ఫైలు లోపలికి తీసుకెళ్లండి."

ఇలాంటిది ఒకటుంటుందని నేను అనుకోలేదు. మా ఆఫీసులో అయితే చివరి పేజీ మీదే సంతకం.

"పెన్ను ఇవ్వు నాన్నా."

నా జేబులోని పెన్ను ఇచ్చాను. మొదటి పేజీ సంతకం చేసింది. రెండో పేజీ. మూడో పేజీలో లాండ్రీ గురించి రాసింది చదువుకుని కొంచెం నవ్వుకుంది. నాలుగో పేజీ తిప్పింది. నేను ఎదురుగా ఉన్న నోటీసు బోర్డు చదవడం మొదలుపెట్టాను. అందులో గ్రంథాలయం వేళలు ఉన్నాయి. అవి మూడుసార్లు చదివాను.

ఆమె నా వైపు తిరగలేదు. ఆ పేజీ చాలాసేపు చూసింది. నాలుగు వాక్యాలకు అంతసేపు పట్టదు. తర్వాత అయిదో పేజీ తిప్పి సంతకం చేసింది, ఆరో పేజీ కూడా. పెన్ను మూత పెట్టి నా చేతికిచ్చింది. నాలుగో పేజీ కింద గీత ఖాళీగానే ఉండిపోయింది.

"తల్లీ..." అన్నాను.

"ఇప్పుడు మాట్లాడకు నాన్నా."

లోపలి నుంచి పిలిచారు. లేచి, చొక్కా ముడతలు సవరించుకుని వెళ్లింది. తలుపు తీసింది తెల్లజుట్టు ఆవిడ ఒకరు. మా అమ్మాయి లోపలికి వెళ్లేదాకా తలుపు పట్టుకుని నిలబడింది.

ముప్పావు గంట కూర్చున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను రాసిన జవాబులు చదివి ఎవరు ఎలా మొహం పెట్టుకున్నారో ఎప్పుడూ చూడలేదు. ఉత్తరం పోస్టులో పడితే నా పని అయిపోయేది. ఇప్పుడు నా పేరా గోడ అవతల నలుగురి మధ్య బల్ల మీద ఉంది. దాని పక్కన నా కూతురు ఒక్కతే కూర్చుంది. ఫ్యాను గాలి బాగానే వస్తోంది. అయినా చొక్కా వీపుకు అంటుకుపోయింది.

బయటికొచ్చాక బస్సెక్కాం. ఆమె మళ్లీ కిటికీ పక్క సీటు నాకే వదిలింది. దానికే నాకు కళ్లు తడిశాయి. బయటికి చూస్తున్నట్టు నటించాను.

ఇంటికొచ్చాక వంటింట్లో నిలబడి మంచినీళ్లు తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. అప్పుడు మాట్లాడింది.

"కూర్చోగానే ఆ తెల్లజుట్టు మేడం అడిగారు. 'మీ అమ్మగారి గురించి చదివి మాకు బాధేసింది. నాలుగో పేజీ మీద సంతకం మరిచిపోయినట్టున్నారు,' అని."

"నువ్వేమన్నావు?"

"మరిచిపోలేదండీ, అది నేను రాసింది కాదు అన్నాను."

"ఎవరు రాశారని అడిగారా?"

"అడిగారు. ఇంట్లో రాశారని చెప్పాను. నువ్వని చెప్పలేదు. ఇంట్లో ఇంకెవరున్నారని వాళ్లు అనుకుంటారో నాకు తెలీదు." గోడ వైపు చూస్తూ చెబుతోంది. "ఇందులో ఉన్నది అబద్ధమా అని ఇంకో సారు అడిగారు. ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు సార్, కానీ చదివితే తెలిసేది మాత్రం అబద్ధం అన్నాను."

నేను కుర్చీలో కూర్చున్నాను.

"సీటు కోసమే రాశాను తల్లీ. నీ మంచికే..."

"సీటు సంగతి పోనీ నాన్నా." గోడ మీంచి నా వైపు తిరిగింది. "ఆ మార్చిలో అమ్మ బాగుంది. మనకి అదే ఆఖరు. ఏప్రిల్లోనే నీరసం నీరసం అనడం మొదలుపెట్టింది, గుర్తుందా? అమ్మ బాగా ఉన్న ఆఖరి నెల అది. స్టూలెక్కి పాటలు పాడుకుంటూ రంగేసింది. దాన్ని కూడా తీసుకెళ్లి జబ్బులో కలిపేశావు."

నేను తల ఎత్తి గోడ పై అంచున ఉన్న ఆ వంకర గీత చూశాను.

"ఎవరైనా ఆ ఫైలు చూస్తే అమ్మ మంచం మీద ఉంది, నేను పక్కన కూర్చుని ఏడుస్తున్నాను అనుకుంటారు. నేను ఏడవలేదు నాన్నా. లెక్కలు ఎగ్గొట్టి అమ్మతో ఆడుకున్నాను. నలభై మూడు అందుకే వచ్చాయి. ఆ మార్కులు నాకిష్టం. నీకు చెబితే తిడతావని ఎప్పుడూ చెప్పలేదు."

అని తన గదిలోకి వెళ్లిపోయింది. తలుపు దభాలున వేస్తుందనుకున్నాను. చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

మర్నాడు వదినకు తెలిసింది. మా అమ్మాయి చెప్పలేదు. వదిన "ఇంటర్వ్యూ ఏమైంది?" అంటే నేనే తలవంచుకుని అంతా చెప్పేశాను. ఆవిడ చేతిలో ఎవరిదో ప్యాంటు ఉంది, అంచు విప్పుతోంది. కత్తెర పక్కన పెట్టేసింది.

"మా చెల్లి చచ్చిపోయి కూడా మీకు సాక్ష్యానికి రావాలా మరిదిగారూ?"

"తప్పయింది వదినా."

"నాతో అంటే ఏం లాభం? నేనేమైనా సీటిచ్చే మనిషినా? అక్కడికెళ్లి చెప్పండి, నేనే రాశానని. పిల్ల చూడండి, మీ పేరు కూడా బయటపెట్టకుండా వచ్చింది. నేనైతే మీ ఫోటో కూడా చూపించేదాన్ని."

"ఉత్తరం రాస్తాను."

"రాయండి. ముందు నాకు చూపించండి. మీ రాతల సంగతి నాకు తెలుసు."

ఆ మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసులో కూర్చుని రాశాను. "మా అమ్మాయి దరఖాస్తులోని నాలుగో పేజీ విషయంలో కొంత అపార్థానికి ఆస్కారం కలిగినందుకు చింతిస్తున్నాను." సాయంత్రం దుకాణానికి తీసుకెళ్లి వదినకు ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"ఆస్కారం కలిగింది. ఎవరు కలిగించారు? గాలివానా?"

నా ఉద్యోగపు కిటుకు ఆవిడకు ఎప్పుడో చెప్పి ఉంటాను. భోజనాల దగ్గర గొప్పగా చెప్పి ఉంటాను.

కాగితం చింపేసి, కుట్టు మిషను మూల మీదే ఇంకోటి రాశాను. ఆవిడ అదీ చదివి, "'తండ్రి మనసుతో' అనే ముక్క తీసేయండి. అక్కర్లేదు," అంది. తీసేశాను. "'క్షణికావేశంలో' కూడా. వారం పైగా దాచారుగా, ఆవేశం ఏమిటి?" అదీ తీసేశాను. చివరికి ఇంత మిగిలింది. "నాలుగో పేజీలోని వివరణ నేను రాశాను. మా అమ్మాయికి చెప్పకుండా రాశాను. ఆ పరీక్ష రోజుల్లో నా భార్య ఆరోగ్యంగా ఉంది. ఆ సంగతి తెలిసే రాశాను. మా అమ్మాయి ఇచ్చిన మాటలు నేను చెరిపేశాను."

ఇరవై ఆరేళ్లలో నేను రాసిన ఉత్తరాల్లో "నేను" అనే మాట ఇన్నిసార్లు రావడం అదే మొదలు. ఆఫీసు ఉత్తరాల్లో "నేను" ఉండదు.

"ఇది బాగుంది," అంది వదిన. మళ్లీ కత్తెర తీసుకుంది. కాసేపయ్యాక ప్యాంటు మీద నుంచి తల ఎత్తకుండానే, "టీ తాగి వెళ్లండి," అంది.

పోస్టులో వేస్తే మళ్లీ పాత అలవాటే అవుతుందనిపించింది. సెలవు పెట్టి స్వయంగా వెళ్లాను. కౌంటరు దగ్గర అదే ఆవిడ. నన్ను గుర్తుపట్టింది. ఉత్తరం ఇచ్చి, ఇది మా అమ్మాయి ఫైల్లో పెట్టాలండీ అన్నాను. సంతకం పెట్టిన ఉత్తరమే కదా అని అడిగింది, అవునన్నాను. ఆవిడ విప్పి చదువుతుందేమోనని నా చెవులు వేడెక్కాయి. విప్పలేదు. తేదీ ముద్ర వేసి, వెనక బీరువాలోంచి ఫైలు తీసి, బల్ల మీద తెరిచింది.

నాలుగో పేజీ కనబడింది. నా పేరా మీద అడ్డంగా ఒక గీత కొట్టి ఉంది. పేజీ మూలకు ఒక తెల్ల కాగితం గుచ్చి ఉంది. దాని మీద మా అమ్మాయి చేతిరాత.

"ఇదేమిటండీ?"

"ఇంటర్వ్యూలోనే రాసి ఇచ్చారండీ. వివరణ మళ్లీ రాస్తానని కాగితం అడిగారట."

ఆవిడ నా మొహం చూసింది. తర్వాత ఫైలు కొంచెం నా వైపు జరిపి, నీళ్ల సీసా తీసుకుని లేచింది. సీసా సగం పైగా నిండే ఉంది. అయినా నింపుకోవడానికి వరండా చివరిదాకా వెళ్లింది.

చదివాను. మొదట ఆ మూడు వాక్యాలు, నేను చెరిపేసినవి, అక్షరం మారకుండా. లెక్కల్లో నాకు తక్కువ మార్కులు వచ్చాయి. సరిగ్గా చదవలేదు. ఇప్పుడు చదువుతున్నాను. వాటి కింద ఇంకో రెండు.

"ఆ పరీక్ష ముందు రోజు మా అమ్మా నేనూ వంటింటికి రంగు వేశాం. ఆ రోజు అమ్మ చాలా బాగుంది."

కింద సంతకం. సంతకం గీత కాగితం చిరిగేంత గట్టిగా ఉంది.

కౌంటరు ఆవిడ తిరిగి వచ్చేసరికి ఫైలు మూసి, కళ్లజోడు తుడుచుకుంటున్నాను. ఆవిడ బస్టాపుకు దగ్గరి దారి చెప్పింది. ఆ దారి నాకు తెలుసు. అయినా చెప్పనిచ్చాను.

మూడు వారాలకు స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. ఈ సంవత్సరం మీకు సీటు ఇవ్వలేకపోతున్నాం అని. అచ్చు వేసిన ఉత్తరం. ఇలాంటివి నేను వందలు రాశాను. కింద మాత్రం చేత్తో రాసిన ఒక వరస ఉంది. "లెక్కల పరీక్ష మళ్లీ రాసి, వచ్చే ఏడాది తప్పకుండా రండి." సంతకం తెల్లజుట్టు మేడంగారిదేనని మా అమ్మాయి చెప్పింది.

నాలుగైదు రోజులు ఆగి అడిగాను. "నా పేరా వల్లే పోయిందా తల్లీ?"

ఆమె బ్రెడ్డు మీద వెన్న రాస్తోంది.

"లెక్కల వల్ల పోయింది. ఇంటర్వ్యూలో బోర్డు మీద ఒక లెక్క ఇచ్చారు. సగం చేసి ఆగిపోయాను. అక్కడే అయిపోయింది. ప్రతిదీ నీ నెత్తినేసుకోకు నాన్నా."

అది నిజమో, నా కోసం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. నాలాంటివాడికి పుట్టిన పిల్ల. నిజాలు ఏ వరసలో పెట్టాలో ఆమెకూ తెలిసి ఉండవచ్చు. కానీ నాలా వాడదని నమ్మకం. ఇంకోసారి అడగలేదు.

ఆ నెలలోనే దగ్గర్లోని బడిలో సాయంత్రం లెక్కల తరగతిలో చేరింది. చుట్టూ పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. మొదటి రోజు ఆమెను చూసి టీచరనుకుని అందరూ లేచి నిలబడ్డారట. "కూర్చోండి కూర్చోండి అని చెప్పి, వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నాను," అని చెబుతుంటే వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. "హాజరు కూడా నువ్వే వేసెయ్యకపోయావా!" అంది.

షిఫ్టు లేని రోజుల్లో వంటింటి బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటుంది. నేను ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తాను. మొదట్లో ఆ గోడ వైపు వీపు పెట్టి కూర్చునేవాణ్ని. ఒకరోజు ఆమె పుస్తకం లోంచి తల ఎత్తకుండా, "అటు వెలుతురు లేదు, ఇటు కూర్చో నాన్నా," అంది. అప్పటి నుంచి గోడకు ఎదురుగానే కూర్చుంటున్నాను. వంకర గీత కనబడుతూ ఉంటుంది. మొన్న అలమర జరిపి తుడుస్తున్నప్పుడు రంగు లేని ఆ అరచేయంత చోటు కూడా కనబడింది. చెయ్యి పెట్టి చూశాను. మళ్లీ అలమర జరిపేశాను.

లెక్కల పరీక్ష మళ్లీ రాసింది. అరవై ఎనిమిది వచ్చాయి. వదిన వీధిలో కనబడిన వాళ్లందరికీ డెబ్బై అని చెప్పింది.

నిన్న కొత్త దరఖాస్తు నింపింది. గడువు ఇంకా పది రోజులు ఉంది. నాలుగో పేజీ ప్రింటు తీసి తెచ్చి నా ముందు పెట్టింది. నేను ముట్టుకోలేదు.

"చదువు నాన్నా. అక్షర దోషాలు మాత్రమే."

"నేనా?"

"ఇంకెవరున్నారు? పెద్దమ్మకిస్తే అరవై ఎనిమిదిని డెబ్బై చేస్తుంది."

కళ్లజోడు పెట్టుకున్నాను. అయిదారు వాక్యాలే ఉన్నాయి. నలభై మూడు ఎందుకు వచ్చిందో ఉంది. అరవై ఎనిమిదికి ఏడాది పట్టిందని ఉంది. చివర్లో, ఇప్పటికీ కొన్ని లెక్కలు రెండుసార్లు చేస్తే గాని రావు అని ఉంది. అక్షర దోషాలు లేవు. ఆ చివరి వాక్యాన్ని తీసుకొచ్చి మధ్యలో పెట్టి, అరవై ఎనిమిదిని ఆఖరున పెడితే చదివేవాళ్లకు అదే గుర్తుండిపోతుంది. ఇరవై ఆరేళ్ల చెయ్యి, దానంతటది జేబులోని పెన్ను మీదికి వెళ్లింది. వెళ్లినందుకు సిగ్గేసింది. ఆమె చూసిందేమోనని తల ఎత్తాను. చూసింది.

"ఏమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవు తల్లీ," అని కాగితం తిరిగి ఇచ్చేశాను.